తగిలిందా?

సోమవారం పొద్దున్న కాశీవిశ్వనాథం చేతిలో ఉన్న సరుకు ఇదీ: పాక నిండా ఒలిచిన కొబ్బరికాయ, మధ్యాహ్నానికి గుజరాత్ బయల్దేరాల్సిన లారీ, అంబాజీపేట చుట్టుపక్కల మాట తప్పడన్న పేరు, పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం తెలియని కూతురు. వీటిలో దేనికీ ఆ పూట వంక పెట్టడానికి లేదు.

పాకలో అంజిబాబు ఒలుపు మీద ఉన్నాడు. నేలలో పాతిన గునపం మొనకి కాయని గుచ్చి, నడుం వంచి ఒక్క తిప్పు తిప్పితే పీచు డొక్క ఇటు, కాయ అటు. ఒలిచిన కాయలు దొర్లుకుంటూ విశ్వనాథం దగ్గరికి వస్తున్నాయి. అతను చేతికొకటి తీసుకుని రెండింటినీ ఒకదానికొకటి తాటించి చెవి దగ్గర పెట్టుకుంటాడు. గట్టిగా పలికితే లారీకి, బోలుగా పలికితే పక్కకి. పై రూపు చూసి కాయ కొనేవాళ్లంటే అతనికి జాలి.

"నాన్నగారూ, టీ అండి."

దుర్గాశ్రీ ఏడో తరగతి. స్కూలు బట్టలు వేసుకుని, కుడిచేత్తో పుస్తకాల సంచీ సర్దుకుంటూ, ఎడంచేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి బయల్దేరి, వాకిలి దాటి, డొక్కల గుట్ట చుట్టూ తిరిగి వచ్చింది. విశ్వనాథం గ్లాసు అందుకున్నాడు. అందుకున్నంత వేగంగానే వదిలేశాడు. టీ డొక్కల మీద ఒలికి పొగలు కక్కింది.

"అమ్మబాబోయ్! నిప్పులా ఉందేంటే!"

అంజిబాబు పగలబడి నవ్వాడు. "పాప చెయ్యి గట్టిదండోయ్! మీరే మెత్తబడిపోయేరు. రేపట్నుంచి గునపం పాపకిచ్చేసి, మీరు టీలు పట్టుకురండి."

పాకలో అందరూ నవ్వారు. దుర్గాశ్రీ కూడా నవ్వి, స్కూలు వ్యాను హారన్ వినపడగానే పరిగెత్తింది. విశ్వనాథం వేళ్లు చొక్కాకి రుద్దుకుంటూ వంటింటి గుమ్మం వైపు చూశాడు. తను రెప్పపాటు పట్టుకోలేని గ్లాసుని పిల్ల అంత దూరం నవ్వుతూ మోసింది. ఈ లెక్క ఎక్కడో కుదరలేదు. కానీ లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. లెక్క అక్కడే వదిలేశాడు.

సాయంత్రానికి పిల్ల ఎడంచేతి చివరి రెండు వేళ్లకీ బొబ్బలెక్కాయి.

సత్యవేణి ఆ చెయ్యి పట్టుకుని భర్త ముందుకి లాక్కొచ్చింది. "చూడండి. వచ్చింది, తింది, హోంవర్కు రాసుకుంది. నేను చూసి కేక పెట్టేదాకా దీనికే తెలీదు."

"నొప్పిగా ఉందామ్మా?" అన్నాడు విశ్వనాథం.

"ఆయ్."

"మరీ అంత నొప్పేం లేదుగా?"

"ఆయ్."

"ఉందా అన్నా ఆయ్, లేదా అన్నా ఆయ్," అంది సత్యవేణి. "ఏవిటే నీ ఆయ్?"

"పెద్దవాళ్లు అడిగితే మరేం అంటుంది? నేర్పింది మనమేగా," అని విశ్వనాథం పిల్ల చెయ్యి తన తొడ మీద పెట్టుకున్నాడు. బొబ్బ పక్కన బొటనవేలి గోరుతో నొక్కాడు. పిల్ల ఆ గోరు వైపు చూసింది, తర్వాత తండ్రి మొహంలోకి చూసింది.

"తెలుస్తోందా?"

"ఆయ్."

"ఇక్కడ?"

"ఆయ్ అండి."

"తెలుస్తోందంటోందిగా. చల్లటి నీళ్లలో పెట్టు, అదే తగ్గుతుంది."

సత్యవేణి పిల్ల మోచెయ్యి వెనక్కి తిప్పి చూపించింది. అక్కడ అరచేతి వెడల్పున చర్మం కొద్దిగా పాలిపోయి ఉంది. "శోభి మచ్చ అనుకుని ఎండాకాలం నుంచీ మందు రాస్తున్నాను. ఒళ్లంతా చెమట పట్టినా ఇక్కడ మాత్రం పట్టదు. మీ పరీక్షలు కాయలకి పెట్టుకోండి. దీన్ని నేను అమలాపురం తీసుకెళ్తాను. వస్తే రండి, లేకపోతే లేదు."

విశ్వనాథం వెళ్లాడు. పెళ్లాం మీద నమ్మకంతో కాదు. డాక్టరు ఏమీ లేదంటే ఆ మాట తన చెవులతో వినాలని.

బుధవారం పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుగారు మచ్చ చూసి, మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమి, పక్క గదికి పంపించాడు. ఆ గదిలో ఫిజియోథెరపిస్టు మాధురి అనే ఆవిడ ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. బల్ల మీద రంగురంగుల పిడులున్న పుల్లలు పేర్చుకుంది. ఒక్కో పుల్ల చివరా నైలాను వెంట్రుక ఉంది. ఒకటి సన్నం, ఒకటి లావు.

"కళ్లు మూసుకోమ్మా. తగిలినప్పుడల్లా చెప్పు."

దుర్గాశ్రీ కళ్లు మూసుకుంది. మాధురి సన్నటి వెంట్రుకని పిల్ల చిటికెనవేలికి ఆనించి అది వంగేదాకా నొక్కింది.

"తగిలిందా?"

"ఆయ్."

ఇంకో చోట. "తగిలిందా?"

"ఆయ్."

విశ్వనాథం సత్యవేణి వైపు చూసి కళ్లెగరేశాడు. నేను చెప్పలేదా అన్నట్టు.

మాధురి ఈసారి పుల్లని గాలిలోనే ఉంచింది. ఆ చేతి దరిదాపులకే పోనివ్వలేదు. "ఇప్పుడు తగిలిందా?"

"ఆయ్ అండి," అంది దుర్గాశ్రీ, ఇంకాస్త మర్యాదగా.

విశ్వనాథానికి చెవులు వేడెక్కాయి. కొత్తగా చేరిన మనిషికి మంచి కాయల మధ్య ఒక కుళ్లు కాయ దొర్లించి, ఏరతాడో లేదో చూడడం అతని పద్ధతే. ఆ పద్ధతి తన కూతురి మీద ఇంకొకరు వాడి చూపిస్తారని అనుకోలేదు.

"మీరిద్దరూ కాస్త బయట కూర్చోండి," అంది మాధురి. "పాప నా కోసం చెప్పట్లేదు. మీ కోసం చెబుతోంది."

సత్యవేణి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. విశ్వనాథం కూర్చోలేదు. గుమ్మానికి వేసిన ఆకుపచ్చ తెర పక్క సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు నేనేమీ అడగను," అంటోంది మాధురి. "తగిలితే, తగిలిన చోట కుడిచేతి వేలు పెట్టు. తగలకపోతే ఊరుకో. ఊరుకుంటే కూడా జవాబు చెప్పినట్టే."

కుడిచేతి మీద పరీక్ష బాగానే సాగింది. ఎడంచేతికి వచ్చాక పిల్ల ఊరుకుంది. చూపుడువేలి దగ్గర ఒకసారి కదిలి, మళ్లీ ఊరుకుంది. మాధురి పుల్ల మార్చింది, లావుది. ఆ తర్వాత ఇంకా లావుది. వెంట్రుక విల్లులా వంగుతోంది. పిల్ల కళ్లు మూసుకుని, ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు తల పక్కకి వాల్చి, ఊరికే కూర్చుంది.

తర్వాత రెండు గాజు గొట్టాలు. ఒకదాంట్లో వేణ్నీళ్లు, ఒకదాంట్లో ఐసు నీళ్లు. "ఏది వేడి, ఏది చల్లన?"

చాలాసేపటికి పిల్ల మెల్లగా అంది. "రెండూ నున్నగా ఉన్నాయండి."

"తెలీకపోతే తెలీదని చెప్పు."

"అలా అనొచ్చాండీ?"

"అనకపోతే నా పని జరగదు."

ఆఖర్న గుండుసూది. ఒకసారి మొన, ఒకసారి తల. ఏది ఏదో చెప్పాలి. చిటికెనవేలి కొస మీద మొన ఆనించి మాధురి నొక్కింది. చర్మం గుంట పడడం విశ్వనాథానికి తెర వెనక నుంచి కూడా కనిపించింది. తన వేలే ముడుచుకుంది. పిల్ల వేలు ముడుచుకోలేదు.

"తెలుస్తోందా?"

పిల్ల పెదవి కదిపింది. ఆ రెండక్షరాలూ నోటి దాకా వచ్చి ఆగడం కనిపించింది.

"లేదండి."

"ఇక్కడ?"

"లేదండి."

"ఇక్కడ?"

"లేదండి." మూడోసారి భయం కాస్త తగ్గింది గొంతులో.

మాధురి పిల్ల వేళ్ల కణుపుల మీద ఉన్న నల్లటి చారల్ని వేలితో తడిమింది. "ఇవేంటి?"

"స్కేలండి."

"ఎందుకు కొట్టేరు?"

"ప్రేయర్లో చేతులు సరిగ్గా జోడించనని అండి." దుర్గాశ్రీ కళ్లు తెరిచి రెండు చేతులూ జోడించి చూపించింది. ఎడం చిటికెనవేలు మిగతా వేళ్లతో కలవకుండా విడిగా నిలబడిపోయింది. "ఇది రాదండి. ప్రిన్సిపాల్‌గారు కొట్టేరు. ఏడవట్లేదు, ఎంత పొగరో అని మళ్లీ కొట్టేరు."

"ఏడవలేదా?"

"నొప్పి రాలేదండి."

విశ్వనాథం తెర పట్టుకున్నాడు. రింగులు ఊడి తెర సగం కిందికి వేలాడింది. మాధురి తలెత్తి చూసి, రమ్మన్నట్టు కుర్చీ చూపించింది.

మాధురి కబురు చేస్తే ఆ గదికే వచ్చిన డాక్టరుగారు మాట దాచలేదు. కుష్టు అన్నాడు. మామూలు గొంతుతో, జ్వరం అన్నట్టే అన్నాడు. విశ్వనాథం చటుక్కున గుమ్మం వైపు చూశాడు, బయట బెంచీ మీద రోగులెవరైనా విన్నారేమోనని. డాక్టరుగారు అది కూడా గమనించాడు. "ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బండి. ఏడాది పాటు మాత్రలు, నరానికి వేరే మందు. వేలు వంకర తిరగకముందే వచ్చేరు. మాత్ర పడ్డాక పిల్ల వల్ల ఇంకొకరికి భయం లేదు. రేపట్నుంచి స్కూలుకి పంపండి."

"ఇంకా ముందే వచ్చుంటే ఈ బొబ్బలూ ఉండేవి కావు," అంది మాధురి.

"జులైలో స్కూల్లో చూసేరండి," అంది దుర్గాశ్రీ.

"ఎవరు?"

"హెల్తు క్యాంపు వాళ్లండి. గ్రౌండులో వరసగా నిలబెట్టేరు. పెన్ను చేతి మీద తాకించుకుంటూ పోయేరండి ఒకాయన. ఇంకొకాయన మైకులో తగిలిందా అంటే, అందరం ఆయ్ అన్నాం. ఫొటో తీసేరు."

"మైకులోనా?" మాధురి చేతిలో ఉన్న పుల్లల్ని బల్ల మీద గట్టిగా పెట్టింది. "చెయ్యి చెయ్యిగా, ఒక్కొక్కరిగా చూడాల్సిన పరీక్ష మైకులో చేసేరా? పిల్లలు గట్టిగా అరిచేరు కాబట్టి జబ్బు లేదని తేల్చేశారన్నమాట." ఆవిడ విశ్వనాథం వైపు తిరిగింది. "నేను వచ్చి మొత్తం పిల్లల్ని మళ్లీ చూడాలండి. మా తరఫున చెప్పిస్తాను, కానీ స్కూలు వాళ్లు వాయిదాలు వేస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు గట్టిగా నిలబడాలి. మీరు ఒప్పిస్తారా?"

"ఒప్పిస్తాను," అన్నాడు విశ్వనాథం. ఆ క్షణంలో ప్రిన్సిపాల్ దొరికితే చొక్కా పట్టుకునేవాడే.

ఇంటికొచ్చాక కోపం పక్కన ఇంకో లెక్క కూడా మొదలైంది. ఆ మాట బయటికి పొక్కితే పాకలో ఒలుపుకి ఎవరు వస్తారు, తన చేత్తో తాటించిన కాయ దేవుడికి కొట్టడానికి ఎవరు కొంటారు? రాత్రి సత్యవేణి పిల్లకి విడిగా ఒక కంచం తీసింది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ బీరువాలో పెట్టేసి, ఎప్పుడూ పెట్టే కంచంలోనే వడ్డించింది. విశ్వనాథం బుర్రలో బేరం తయారవుతోంది.

శుక్రవారం పొద్దున్న పిల్లని వ్యాన్లో కాకుండా స్కూటరు మీద తనే తీసుకెళ్లాడు. దాన్ని ఆఫీసు బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు.

ప్రిన్సిపాల్ సుబ్రహ్మణ్యేశ్వరరావు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "రండి రండి విశ్వనాథంగారూ. కాఫీ తాగుతారా? ఎబ్బే, తాగాలండి." ఆయన వెనక గోడ మీద జులై క్యాంపు ఫొటో పెద్దది చేసి తగిలించి ఉంది. పిల్లలందరూ చేతులు చాపి, నోళ్లు తెరిచి ఉన్నారు.

విశ్వనాథం అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ప్రిన్సిపాల్ "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపాడు. జబ్బు పేరు వినగానే కుర్చీని మాత్రం కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మా తప్పేముందండి ఇందులో? తగిలిందా అని అడిగేరు. మీ అమ్మాయి తగిలిందంది. అబద్ధం చెప్పింది పాపే కదండీ."

"అబద్ధమా?" విశ్వనాథం బల్ల మీద చరిచాడు. కాఫీ సాసర్లోకి తొణికింది. "నొప్పి తెలీని చేతి మీద స్కేలు విరిగేలా కొట్టి, ఏడవలేదని పొగరంటగట్టేరే, ఆ వేలికి నొప్పుందో లేదో కనుక్కున్నారా? పన్నెండేళ్ల పిల్లండీ! గొడ్డుని కొట్టేవాడు కూడా అది కదలకపోతే ఏమైందో చూస్తాడు!"

"మెల్లగా, మెల్లగా. కిటికీలు తీసున్నాయి," అన్నాడు ప్రిన్సిపాల్, అదే మర్యాదతో. "బయట పిల్లలున్నారు. ఈ మాట వాళ్ల ఇళ్లకి చేరితే నాకు సగం స్కూలు ఖాళీ. మీకూ పాక ఖాళీయేనండి. మీరు వ్యాపారస్తులు, మీకు నేను చెప్పాలా? పాపని కొన్నాళ్లు ఇంట్లో ఉంచండి."

అక్కడి నుంచి అది గొడవ కాకుండా బేరమైంది. విశ్వనాథానికి బేరం తెలుసు. అవతలివాడి భయం ఎక్కడుందో దొరికాక గొంతు తగ్గించాలి. ఇంట్లో ఉంచేది లేదన్నాడు. అయితే వెనక బెంచీలో ఒక్కతినీ కూర్చోబెడదామన్నాడు ప్రిన్సిపాల్. పరీక్షల దాకా మాత్రమే అన్నాడు విశ్వనాథం. వ్యాను వద్దు, గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. సరే. స్కేలు పట్టుకుని పిల్ల జోలికి ఇంకెవరూ రాకూడదు. ఆయ్, రారండి. పేరు బయటికి రాకూడదు. ఆయ్, నా నోటి నుంచి రాదండి.

"మరి ఆ ఆస్పత్రి ఆవిడ వచ్చి అందర్నీ చూడ్డం..." అని ప్రిన్సిపాల్ ఆగాడు. "అది మటుకు వద్దండి. ఆవిడ వస్తే ఎందుకొచ్చిందని అడుగుతారు. అడిగితే మీ పేరే వస్తుంది."

విశ్వనాథం గోడ మీద ఫొటో వైపు చూశాడు. చూపు దించుకున్నాడు. "సరేలెండి."

బేరం కుదిరింది. ఇచ్చిన దానికంటే పుచ్చుకున్నదే ఎక్కువని అతనికి తోచింది. కుదిరిన బేరం తర్వాత ఎప్పుడూ ఉండే తేలిక ఒంట్లోకి వచ్చింది కూడా.

ప్రిన్సిపాల్ పిల్లని లోపలికి పిలిచాడు. దగ్గరికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే నిలబెట్టి, నవ్వుతూ అంతా చెప్పాడు. వెనక బెంచీ అంటే పనిష్మెంటు కాదన్నాడు. రెస్టు అన్నాడు. "నాన్నగారు కూడా ఒప్పుకున్నారమ్మా. సరేనా?"

ఇద్దరు మగవాళ్లూ ఆ రెండక్షరాల కోసం చూశారు. ప్రిన్సిపాల్ అప్పటికే పెన్ను తీసుకుని వేరే కాగితం ముందుకి లాక్కున్నాడు.

దుర్గాశ్రీ తండ్రి వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది.

"లేదండి."

"ఏంటమ్మా?"

"వెనక బెంచీలో కూర్చోనండి. నా బెంచీ రెండోది." దుర్గాశ్రీ కళ్లు తెరిచింది. "ఆ రోజు నాకు తగల్లేదండి. అందరూ ఆయ్ అంటే నేనూ అన్నాను. నా పక్కన శాంతికి కూడా తగల్లేదేమో అండి. అది కూడా ఆయ్ అంది. మాధురిగారు వచ్చి చూడాలండి. మిమ్మల్ని ఒప్పిస్తానని ఆవిడకి నాన్నగారు మాటిచ్చేరు."

విశ్వనాథానికి ముందు పుట్టింది కోపమే. అవతలివాడి ఎదుట కుదిరిన బేరాన్ని సొంత మనిషి చెడగొడితే ఏ వ్యాపారికైనా వచ్చే కోపం. చెయ్యి లేచింది కూడా. ఆ చెయ్యి చూసి పిల్ల వెనక్కి తగ్గలేదు. కొట్టించుకోడానికి అలవాటైన దానిలా ఎడంచెయ్యి ముందుకి చాపింది. నొప్పి తెలీని చెయ్యి ముందుకి పెట్టింది. దెబ్బలకి అది ఎంచుకున్న చెయ్యి అదీ.

అతను లేచిన చేత్తో ఆ వేళ్లని పట్టుకున్నాడు. బొబ్బల మీది కట్టు తడిగా తగిలింది.

"చెప్పండి విశ్వనాథంగారూ మీ అమ్మాయికి," అన్నాడు ప్రిన్సిపాల్. నవ్వు తగ్గింది. "పెద్దవాళ్లం అనుకున్నాం కదా."

"విన్నారుగా. లేదంది."

"పిల్ల మాటేంటండీ!"

"చెయ్యి దానిదండి. సోమవారం మాధురిగారు వస్తారు. ఒక్కొక్క పిల్లనీ గదిలో కూర్చోబెట్టి చూస్తారు. మైకు అక్కర్లేదు. మీరు గేటు తియ్యకపోతే ఆ గేటు దగ్గర నేనే నిలబడి, వచ్చిన ప్రతి తండ్రికీ మా అమ్మాయికి ఏం జబ్బో, అది మీ క్యాంపులో ఎందుకు దొరకలేదో చెబుతాను. పేరు దాచక్కర్లేదు."

"మీరు మాట తప్పుతున్నారు."

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అనలేదు. "ఆయ్," అన్నాడు విశ్వనాథం. "తప్పుతున్నానండి."

దుర్గాశ్రీ వెళ్లి రెండో బెంచీలో కూర్చుంది. విశ్వనాథం వరండాలో నిలబడి అది కూర్చునేదాకా చూశాడు.

మాధురి సోమవారం వచ్చింది. సాయంత్రం దాకా చూసింది. శాంతికి ఏమీ లేదు. ఆరో తరగతిలో ఒక పిల్లవాడి కాలి మీద మచ్చ దొరికింది. వాడు కూడా జులైలో గట్టిగా అరిచినవాడే. ఆ సంగతి విని విశ్వనాథం పాక వెనక్కి వెళ్లి, ఎవరూ లేకుండా చూసుకుని, ఆ మైకువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత బేరం కుదిరిన తేలిక గుర్తొచ్చి తనని తాను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న సత్యవేణి మాత్ర, నీళ్లు పట్టుకొచ్చి అతని చేతికిచ్చింది. "మీరే వేయించండి. నా మాట వినట్లేదు."

"వేసుకోమ్మా."

"వేసుకోనండి."

"ఏం?"

"మొదటి రోజు ఒంటేలు ఎర్రగా వచ్చిందండి. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. నల్లగా అయిపోతానని కూడా అంటున్నారు క్లాసులో. నిజమాండీ?"

విశ్వనాథానికి జవాబు తెలీదు. తెలీదనే చెప్పాడు. ఒలిచిన కాయల గుట్ట మీద కూర్చుని మాధురికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. పిల్ల అడిగింది, ఆవిడ చెప్పింది. ఎరుపు మందు రంగేనట, రక్తం కాదట. ఒంటి రంగు మారితే మందు ఆపాక మెల్లగా తిరిగి వస్తుందట. పిల్ల మళ్లీ అడిగింది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. విశ్వనాథం ఆగమని చెయ్యి ఊపాడు. ఆ మాటలు అయ్యేసరికి టీ చల్లారిపోయింది, మాత్ర లోపలికి పోయింది.

ఆ వారం పది రోజుల లెక్క తేల్చుకుంటే పోయినవి ఇవి: మాట తప్పడన్న పేరు, ప్రిన్సిపాల్ నమస్కారం, జబ్బు సంగతి తెలిశాక పాకలో నీళ్లు ముట్టడం మానేసిన ఇద్దరు ఒలుపు మనుషులు. అంజిబాబు మానలేదు. ఎదురు చెప్పని కూతురు కూడా పోయింది. వచ్చింది ఒకటే. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఇంట్లో ఒకరు.